నల్లాకు ఏ వారం?

మా దిక్కు ఇండ్లల్లో ప్రతి వస్తువుకూ ఒక వారం ఉంటుంది. గడపకు శుక్రవారం. దేవుని అర్రలోని ఇత్తడి సామానుకు గురువారం సాయంత్రం. దుప్పట్లకు, తలస్నానాలకు ఆదివారం. ఇల్లు మొత్తానికి పెత్రమాస ముందటి వారం: ఎంగిలిపూల బతుకమ్మ పేర్చే నాటికి బూజు దులపాలి, అటక మీది సామాను దించాలి, పరుపులు ఎండకు వెయ్యాలి. గంభీరావుపేట సీతారామస్వామి గుడిలో వందల ఏండ్లుగా ఆరకుండా వెలుగుతున్నదని ఊరు చెప్పుకునే నందాదీపం ఉంది. దాంట్లో నూనె ఎవరు పొయ్యాలో, వత్తి ఎవరు చూసుకోవాలో అడగాల్సిన పని లేదు. అది ఎవరి పనో వాళ్లకు తెలుసు. ఇంత లెక్క ఉన్న ఊళ్లో నల్లాకు మాత్రం ఒక వారం లేదు.

దాని కిందనే అన్నీ కడుగుతాం. బోళ్లు, బియ్యం, ఆకుకూర, పొలం నుంచి వచ్చిన కాళ్లు, పిల్లల మూతులు. కడిగేదాన్ని కూడా కడగాలన్న ఆలోచన రాదు. పారే నీళ్లకు దోషం లేదని పెద్దలు అన్నది వాగును చూసి. నల్లాను కూడా మనం ఆ లెక్కలోనే వేసుకున్నాం. కానీ ఒక రోజంతా గమనిస్తే తెలుస్తుంది: వంటింటి నల్లా కూడా కాసేపే వాగు, మిగతా పొద్దంతా గుంటే. తిప్పిన కాసేపు పారుతుంది, కట్టేశాక దాని గొంతులో నీళ్లు నిలిచే ఉంటాయి.

ఈ ఆలోచన నాకు మా మరిది పుణ్యాన మొదలైంది. చెల్లె వాళ్లు దుబాయిలో ఉంటారు. ఇక్కడ కట్టుకున్న ఇంటి తాళాలు నా దగ్గర ఉంటాయి. ఒకసారి ఫోన్లో అడిగాడు: "వదినా, గా నల్లాలు ఎన్నొద్దులకోసారి కడగాలె?" నవ్వొచ్చింది. ఎన్నొద్దులకోసారి అని అడిగేవాళ్లు సాధారణంగా కడిగేవాళ్లు కారు. కడిగేవాళ్ల ప్రశ్న ఎప్పుడూ ఒకటే, ఎవరు కడగాలి అని. అయినా అడిగినందుకు జవాబు చెప్పాలి కదా. చెప్పబోతే నా దగ్గర జవాబు లేదు. ఒక అంకె చెప్పడం తేలికే, వారానికోసారి అంటే సరిపోయేది. కానీ మా పెరటి నల్లా, మా వంటింటి నల్లా, తాళం వేసిన ఆ ఇంటి నల్లా, ఈ మూడింటికీ ఒకే అంకె ఎట్లా కుదురుతుంది?

బావికైతే లెక్క ఉండేది. ఎండాకాలం నీళ్లు అడుక్కు పోయినప్పుడు నలుగురు మగవాళ్లు దిగి పూడిక తీసేవారు. పగిలిన కుండ పెంకులు, తెగిపడ్డ చేదలు, ఎవరి చెవి నుంచో జారిన కమ్మ, అన్నీ బురదతో పాటు పైకి వచ్చేవి. వాన పడ్డాక పంచాయతీ వాళ్లు బ్లీచింగు పౌడరు వేసేవారు. పురుడైన ఇరవై ఒకటో రోజున బాలింత బావి దగ్గరికి పోయి పసుపు కుంకుమలు పెట్టి, చేద వేసి నీళ్లు తోడేది. అంటే బావికి కడుగుడూ ఉండేది, పూజా ఉండేది. తర్వాత బోరింగులు వచ్చాయి. 1970లలో యూనిసెఫ్ తోడ్పాటుతో రూపుదిద్దుకున్న ఇండియా మార్క్ 2 పంపు ఊరూరా దిగింది. దాని పిడి వందల చేతుల రాపిడికి నున్నగా మెరిసేది. తుప్పు పట్టే తీరిక కూడా దానికి లేదు. ఆ తర్వాత వాడకో నల్లా, దాని ముందు బిందెల వరుస, వరుస తప్పినందుకు జుట్లు పట్టుకోవడాలు.

2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మిషన్ భగీరథ మొదలైంది. ఇంటింటికీ నల్లా, పల్లెలో మనిషికి రోజుకు వంద లీటర్లు అన్నది లెక్క. అదే ఏడు అక్టోబరులో మా మండలం కరీంనగర్ జిల్లా నుంచి రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి మారింది. ఊరి బయట నర్మాల దగ్గర నిజాం నాటి ఎగువ మానేరు ఉండగా కూడా బిందె పట్టుకుని నడిచిన ఆడవాళ్లకు, పెరట్లోకి నీళ్లు రావడం అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. నడక తప్పింది, వరుస తప్పింది, కొట్లాట తప్పింది. ఒకటి మాత్రం ఎవరూ చూసుకోలేదు. బావి పది ఇండ్లది కాబట్టి పది ఇండ్లవాళ్లు కలిసి పూడిక తీశారు. నల్లా ఇంటిది అయ్యాక అది ఇంట్లో ఎవరి పనో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మా వాడలో బాలింతలు పసుపు బొట్టు పెట్టేది పెరటి నల్లాకే, లేదంటే బోరు పైపుకు. బావి పూజ నల్లాకు దక్కింది, బావి పూడికతీత దక్కలేదు. ఆ పసుపు మరక నీళ్లు చిమ్మి తనంతట తాను పోయేదాకా అట్లాగే ఉంటుంది.

మా ఇంట్లో ఇప్పుడు మూడు రకాల నీళ్లు. చాలా ఇండ్లల్లో అంతే. పెరట్లో భగీరథ నీళ్లు, మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే బోరు నీళ్లు, తాగడానికి ప్లాంటు నుంచి తెచ్చుకునే ఇరవై లీటర్ల డబ్బా నీళ్లు. ఏ నల్లా మూతిని చూసినా అందులో ఏ నీళ్లు వస్తాయో చెప్పొచ్చు. పెరటి నల్లా కింద పచ్చటి పాకుడు. వానాకాలమైతే లోపల సన్నటి ఒండ్రు కూడా. 2025 ఆగస్టు చివర వరద వచ్చి, నర్మాల దగ్గర చిక్కుకున్న రైతుల్ని హెలికాప్టరుతో తీసుకురావాల్సి వచ్చింది కదా, అంత నీళ్లు కదిలాక నల్లా నీళ్ల రంగు మారడం వింత కాదు. బోరు నల్లాకైతే మూతి చుట్టూ తెల్లటి పొక్కు. గోటితో గీకితే రాదు.

ఆ తెల్లటిది మురికి కాదు, రాయి. వాన నీళ్లు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెం పులుస్తాయి. ఆ పులుపుతో రాళ్లలోని కాల్షియంను, మెగ్నీషియంను కరిగించుకుని కిందికి దిగుతాయి. మనం మోటరు వేసి పైకి లాగుతాం. నల్లా అంచున వేలాడిన చుక్క ఆరిపోతుంది, గాలి పోతుంది, కరిగిన రాయి మళ్లీ రాయి అవుతుంది. చుక్క మీద చుక్క. నీళ్లు కాచే హీటరు రాడ్డు మీద పేరుకునే పెచ్చు కూడా అదే. తాగే నీళ్లలో ఈ కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఓర్చుకోవచ్చని ఐఎస్ 10500 అనే భారతీయ ప్రమాణం చెబుతుంది. బోరు ఎంత లోతుకు పోతే నీళ్లు అంత ఉప్పగా అయినాయని మా వాడలో ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. సబ్బు నురగ రాకపోవడం ఆమెకు ప్రమాణం.

రాయిని పులుపుతోనే తియ్యాలి, అది పులుపుతోనే వచ్చింది కాబట్టి. పిండిన నిమ్మచెక్క చాలు. దాన్ని నల్లా మూతికి బోర్లించి రుద్దితే సన్నగా బుడగలు వస్తాయి. వాన నీళ్లు నేలలో మింగిన వాయువే ఆ బుడగల్లో బయటికి పోతుంది. ఎక్కువ పేరుకుంటే కిరాణంలో దొరికే నిమ్ముప్పు చెంచాడు వేడినీళ్లలో కలిపి, పాలకవరులో పోసి, నల్లా మూతి మునిగేట్టు రబ్బరు బ్యాండుతో కట్టాలి. అరగంట చాలు, మహా అయితే గంట. తర్వాత పాత పళ్ల బ్రష్షుతో నాలుగు రుద్దులు. రాత్రంతా ఉంచితే ఇంకా బాగా పోతుందనుకునేవాళ్లున్నారు, పోయేది నల్లా పూత. ఈ మెరిసే నల్లాల లోపల ఉన్నది ఇత్తడి, అంటే రాగీ జింకూ. దాని మీద నికెలు, నికెలు మీద క్రోమియం. పైన ఉన్న క్రోమియం పొర మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. మనం చూసి మురిసేది ఆ పొరనే.

అందుకే బాత్‌రూము కడిగే యాసిడ్ సీసాను నల్లాల దగ్గరికి రానివ్వకూడదు. అది ఉప్పు ఆమ్లం, క్రోమియంను కరిగిస్తుంది. పోసిన నిమిషం తెల్లగా మెరుస్తుంది, కొన్నాళ్లకు నల్లమచ్చలు, ఆ తర్వాత పొట్టు ఊడినట్టు లోపలి పసుపు బయటపడుతుంది. ఇంకో మాట, నల్లా సంగతి పక్కన పెట్టి చెప్పాల్సింది: ఆ యాసిడ్‌నూ బ్లీచింగు పౌడరునూ ఒకే రోజు ఒకే గదిలో వాడొద్దు. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. చిన్న బాత్‌రూములో తలుపు వేసుకుని కడిగే మనిషికి ఊపిరాడదు. రెండు సీసాలూ ఒకే దుకాణంలో పక్కపక్కనే అమ్ముతారు.

అమ్మకు ఈ గొడవ లేదు. పాతింటి పెరట్లో ఉన్నది ఒట్టి ఇత్తడి నల్లా, పూత గీత ఏమీ లేదు. పులుసు పిసికాక మిగిలిన చింతపండు పిప్పిలో చిటికెడు ఉప్పేసి, బిందె తోమేటప్పుడు దాన్నీ తోముతుంది. చిలుము పోయి బంగారం రంగు తేలుతుంది. ఆమె దృష్టిలో అది గోడకు పెట్టిన చెంబు. చెంబును ఎన్నాళ్లకోసారి తోమాలి అని ఎవరైనా అడుగుతారా?

మూడో రకం నీళ్ల సంగతి ఇంకా విచిత్రం. డబ్బా నీళ్లను ఇంట్లో అందరూ అపురూపంగా చూస్తారు. స్నానానికి వాడితే తిడతారు. ఆ నీళ్లను రంజన్‌లో పోసి, దాని అడుగున ఉన్న చిన్న ప్లాస్టిక్ నల్లాతో పట్టుకుంటారు. ఆ చిన్న నల్లాలోకి వేలు పెట్టి చూసినవాళ్లు తక్కువ. నేను చూశాను, లోపలంతా జారుడు. జిగటగా, కంటికి కనపడని సన్నటి పొర. నల్లా నీళ్లలో ఉండాల్సిన క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా ఉండాలని అదే ఐఎస్ 10500 చెబుతుంది. సూక్ష్మజీవుల్ని ఆ కాస్తే అదుపులో పెడుతుంది. ప్లాంటులోని వడపోత యంత్రంలో మొదట పోయేదే ఆ క్లోరిన్. కాబట్టి ఇంట్లోకెల్లా శుభ్రమైన నీళ్లకు కాపలా లేదు. ఆ నీళ్లు నిలిచే నల్లాకే అందరికంటే ముందు జిగట పడుతుంది. అట్లాగని డబ్బా నీళ్లు చెడ్డవని కాదు. రంజన్ నీళ్లు మార్చినప్పుడల్లా ఆ నల్లాను కూడా విప్పి వేడినీళ్లతో కడగాలి. విప్పడం పెద్ద పని కాదు, లోపలి వైపు ఒక నట్టు, ఒక రబ్బరు. ఆ రబ్బరు పారేసుకోకుండా ఉండటమే అసలు పని.

ఇక జాలీ. కొత్త రకం నల్లాల మూతిలో ఒక చిన్న జల్లెడ ఉంటుంది, నీళ్లలో గాలి కలిపి చిందకుండా తెల్లటి ధారలాగ పడేయడానికి. మా చెల్లె ఇంటికి నల్లాలు బిగించిన ప్లంబరు తమ్ముడు ఏళ్లపాటు మస్కటులో పని చేసి వచ్చినవాడు. మా దగ్గర, కోరుట్లలో, జగిత్యాలలో మంచి పనివాళ్లలో చాలామంది గల్ఫులో చేతులు తిరిగినవాళ్లే. 1970ల నుంచి పోయినవాళ్లు పోతూనే ఉన్నారు, వచ్చినవాళ్లు ఆ పనితనం తెచ్చుకున్నారు. ఆయన దగ్గర ఒక మాట ఉంది, ఏ ఇంటికి పోయినా అదే చెబుతాడు. "ప్రెజరు వస్తలేదంటరు అక్కా. ట్యాంకు ఎత్తు పెంచుమంటరు, మోటరు మార్చుమంటరు. జాలీ ఇప్పి సూసినోళ్లు ఒక్కలు లేరు." మా వంటింటి నల్లాకు ఆయన పానా కూడా వాడలేదు, మూతికి గుడ్డ చుట్టి చేత్తోనే తిప్పాడు. గీత పడొద్దని గుడ్డ. అరచేతిలో దులిపితే ఇసుక, సున్నపు పెచ్చులు, ట్యాంకులోంచి ఊడిన రబ్బరు ముక్క, తెల్లటి టేపు పోగు, వీటన్నిటినీ అంటించి పట్టుకున్న నల్లటి జిడ్డు. ఇన్నాళ్లూ పప్పు కడిగింది దీంట్లోంచి వచ్చిన నీళ్లతోనా అనిపించింది. ఆయన నిమ్ముప్పు నీళ్లలో వేసి, ఊది, దిశ మారకుండా బిగించాడు. ధార మళ్లీ తెల్లగా పడింది. పైసలు అడగలేదు. ఛాయ్ మాత్రం రెండోసారి కూడా పోయించుకున్నాడు.

ఈ జాలీకి నేను ఒక కాలం కుదుర్చుకున్నాను. సాధారణంగా మూడు నెలలకోసారి తీస్తే సరిపోతుంది. మూడు నెలలు అని రాసుకుంటే గుర్తుండదు. మా పండుగలు ఆ లెక్కనే వస్తాయి. ఉగాదికి ఒకసారి, ఎండలకు ముందు. తొలేకాశికి, కొత్త నీళ్లు దిగేటప్పుడు. దసరాకు, వానలు వెళ్లాక. సంక్రాంతికి. పండుగ ముందు ఎట్లాగూ ఇల్లంతా తిరగేస్తాం, ఆ వేళ నాలుగు జాలీలు ఒక గిన్నెలో పడేస్తే ఎవరికీ భారం కాదు. బోరు నీళ్లు మరీ ఉప్పైన ఇండ్లల్లో నడుమ ఇంకోసారి తీయాల్సి రావచ్చు. ధార పక్కకు చిమ్మడం మొదలుపెడితే అదే పిలుపు.

పైన పట్టి తిప్పే పిడి కథ వేరు. దానికి కాలంతో పని లేదు, చేతులతో పని. మాంసం కడిగిన చెయ్యి, బూటు విప్పిన చెయ్యి, ముక్కు తుడిచిన చెయ్యి, అన్నీ ముందు పిడినే ముడతాయి. గంభీరావుపేటలో 2023లో తెరిచిన కేజీ టు పీజీ ప్రాంగణం లాంటి కొత్త బడుల్లో ఈ కాలం పిల్లలకు చేతులు కడిగే పద్ధతి నేర్పుతున్నారు. మంచిదే. అయితే పిల్లవాడు మట్టి చేత్తో నల్లా తిప్పుతాడు, సబ్బుతో శుభ్రంగా కడుగుతాడు, కడిగిన చేత్తో ఆ మట్టి పిడినే కట్టేస్తాడు. కడిగిందంతా ఏమైనట్టు? ఆస్పత్రుల్లో డాక్టర్లు మోచేత్తో నెట్టే పొడుగు పిడి పెట్టుకున్నది ఇందుకే. మన పాత పద్ధతిలో ఈ చిక్కు లేదని నాకు ఆలస్యంగా తట్టింది. ఇంటికి వచ్చిన మనిషికి కాళ్లకు నీళ్లిచ్చేవాళ్లం. అన్నం తిన్నాక ఒకరు చెంబుతో పోస్తుంటే ఇంకొకరు చేతులు కడుక్కునేవారు. కడుక్కునే మనిషి దేన్నీ ముట్టేవాడు కాదు. పోసే మనిషి ఎక్కువగా ఆడమనిషి అయ్యేది అనుకోండి, ఆ ముచ్చట ఇంకో వ్యాసం. నల్లా వచ్చాక పోసే మనిషి అక్కర్లేదు, ఎవరికి వాళ్లే పిడి పట్టుకున్నారు. కాబట్టి పిడికి సబ్బు రాయడం చేతులు కడగడంలో భాగమే, నల్లా కడగడంలో కాదు. రాత్రి బోళ్లు తోమడం అయ్యాక ఆ పీచుతోనే వంటింటి నల్లా పిడికి, మెడకు ఒక చుట్టు చుడితే చాలు. పొడిగుడ్డతో తుడిస్తే చుక్క నిలవదు, తెల్లటి పొక్కూ రాదు. బాత్‌రూము నల్లాలకు వారానికోసారి సరిపోతుంది, జ్వరాలు ఉన్న ఇంట్లో తప్ప.

మా చెల్లె ఇంటికి తిరిగి వస్తాను. అది వాడలోకెల్లా అందమైన ఇల్లు. నల్లాలు కొన్న రోజు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి, మొహం చూసుకోవచ్చు. ముట్టేవాళ్లు లేరు, చుక్క పడదు, పొక్కు లేదు. మరిది అడిగిన ప్రశ్నకు ఆ నల్లాలు చూసి జవాబు చెప్పాలంటే, కడగనే అక్కర్లేదు అనాలి. కానీ నెలల తర్వాత తిప్పితే ముందు దగ్గినట్టు గాలి వస్తుంది, తర్వాత లేత గోధుమరంగు నీళ్లు, ఇనుము వాసన. పైపులో నిలిచిన నీళ్లలో క్లోరిన్ కొద్ది రోజుల్లోనే పోతుంది. ఇత్తడిలోంచి రాగి, జింకు, కొంత సీసం నీళ్లలోకి దిగుతాయి. జిగట పొర తీరిగ్గా పెరుగుతుంది. మా ఇంట్లో రోజంతా తిప్పి తిప్పి, బయట పాకుడు పట్టి, చూడటానికి రోత పుట్టించే పెరటి నల్లా లోపల దీనికంటే నయం. వాడుకునేది బయట మాస్తుంది, వాడనిది లోపల.

నిలిచిన నీళ్ల ముప్పుకు ఒక పాత ఉదాహరణ ఉంది. 1976 జూలైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటలులో మాజీ సైనికుల సభ జరిగింది. తర్వాత వందల మందికి న్యుమోనియా లాంటి జ్వరం, పదులలో చావులు. కారణమైన సూక్ష్మజీవిని కొన్ని నెలలకు పట్టుకుని, ఆ సైనికుల సంఘం పేరు మీదనే లెజియొనెల్లా అని పేరు పెట్టారు. అక్కడ అది వచ్చింది చల్లదనపు యంత్రాల నుంచి అన్నారు. కానీ దానికి ఇష్టమైనది గోరువెచ్చగా నిలిచిన ఏ నీళ్లయినా. ఇరవై నుంచి నలభై అయిదు డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది. తాగితే కాదు, తుంపరలు పీల్చితే ముప్పు. 2020లో లాక్‌డౌన్ తర్వాత ఆఫీసులు, హోటళ్లు తెరిచేటప్పుడు ముందు నల్లాలన్నీ తిప్పి నీళ్లు వదలమని ప్రపంచమంతా ఆరోగ్య సంస్థలు చెప్పింది ఇందుకే. మే నెలలో మిద్దె మీది నల్లటి ట్యాంకు నీళ్లు ఎంత కాలుతాయో మనకు తెలుసు. దుబాయిలో మరీ విడ్డూరమని చెల్లె చెబుతుంది. ఎండాకాలం అక్కడ చల్లనీళ్ల నల్లా తిప్పితే చెయ్యి కాలుతుందట. అందుకని గీజరు కట్టేసి, నీడలో ఉన్న ఆ గీజరు నీళ్లనే చల్లనీళ్లుగా వాడుకుంటారట.

అందుకే వాళ్లు వచ్చే ముందు రోజు నేను పోయి చేసే పని వేరు. ట్యాంకు అడుగు నీళ్లు వదిలేసి కొత్తగా నింపుతాను. కిటికీలు తీసి, షవరు తల విప్పి పక్కన పెట్టి, ఒక్కో నల్లాను సన్నగా తిప్పి వదులుతాను, రంగు తేరి చల్లటి కొత్త నీళ్లు వచ్చేదాకా. జాలీలు విప్పాకే వదలాలి, లేకపోతే చెత్తంతా వాటిలోనే ఇరుక్కుంటుంది. ఆ నీళ్లు బకీట్లకు పట్టి కొబ్బరిచెట్టుకు పోస్తాను. నీళ్లు పారబోస్తే అమ్మ ఊరుకోదు.

ఆమె పద్ధతిలో ఈ పని రోజూ జరిగేది, దానికి పేరు లేకుండా. తెల్లారి లేవగానే పట్టిన మొదటి బకీటు నీళ్లు వాకిట్లో సాన్పుకే. పేడ కలిపి చల్లేది ఆ నీళ్లే. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లు ఎవరి కడుపులోకీ పోవు, నేలకు పోతాయి. రెండోసారి పట్టినవే తాగడానికి, వంటకు. ఎందుకట్లా అంటే ఆమె పైపుల సంగతి చెప్పదు. "వాకిలి ఊడ్వంది పొయ్యి ముట్టియ్యద్దు బిడ్డా" అంటుంది, అంతే. ఇప్పుడు వాకిలికి సిమెంటు పోశారు, పేడ లేదు, సాన్పు కూడా పండుగలకే. లేచినవాడు లేచినట్టు వంటింట్లోకి పోయి, రాత్రి నీళ్లతోనే ఛాయ్ పెట్టుకుంటున్నాడు.

మరిది ఈ మధ్య ఇంకో సంగతి అడిగాడు. చెయ్యి ముట్టకుండా, కింద పెడితే చాలు నీళ్లొచ్చే సెన్సరు నల్లాలు పెట్టిద్దామా అని. ఎయిర్‌పోర్టులో చూశాడట. పిడే లేదు కాబట్టి కడిగే బాధ లేదని ఆయన లెక్క. నేను చదివింది చెప్పాను. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో ఇట్లాంటి నల్లాలు ఇరవై, చేత్తో తిప్పేవి ఇరవై పరీక్షించి, ఫలితాలు 2011లో బయటపెట్టారు. సెన్సరు నల్లాల నీళ్ల నమూనాల్లో సగంలో ఆ లెజియొనెల్లా కనపడింది, మామూలు వాటిలో 15 శాతంలోనే. లోపల ఉన్న చిన్న చిన్న వాల్వులు, మలుపులు దానికి ఆసరా ఇస్తున్నాయని అనుమానించారు. రోగులు ఉండే చోట వాటిని తీసేసి పాతరకం బిగించారు. ఫోనులో కాసేపు మాట లేదు. తర్వాత చెల్లె అందుకుంది. "గట్లైతే మామూలువే ఉండనీ అక్కా. గని పెరట్లకు అమ్మ నల్లా అసొంటిది దొరుకుతదా?"

మస్కటు తమ్ముణ్ణి అడిగాను. ఒట్టి ఇత్తడిది ఇప్పుడు అందరూ అమ్మరు, సిరిసిల్లలో ఒకటి రెండు దుకాణాల్లో అడగాలన్నాడు. బరువు చూసి కొనాలట, తేలికగా ఉంటే లోపల వేరే లోహం. బిగించడానికి ఎప్పుడొస్తావంటే ఫోను తీసి తారీఖులు చూశాడు.

"దసరాకు ముందు అందరూ పిలుస్తరు అక్కా. మీరు పెత్రమాస దాంక ఆగకుండ్రి, జల్ది చెప్పుండ్రి. జాలీలన్నీ మీరే ఇప్పి నానబెట్టి ఉంచుతే నాకు పూట పని."